పావు మాత్ర

మొహం కింద పెట్టిన దిండుకు నడిమధ్య ఒక బొక్క ఉంది. ఆ బొక్కలోంచి హనుమేష్‌కు కనబడే లోకమంతా కలిపి రెండు నల్లబండలు, వాటి మధ్య సిమెంటు గీత, ఆ గీత వెంట పోతూ వస్తూ ఉన్న ఒక గండుచీమ. అప్పుడప్పుడూ రెండు జతల కాళ్ళు ఆ లోకంలోకి వచ్చిపోతుంటాయి. తెల్లబూట్లు డాక్టరు యేసుప్రసాద్‌వి. నీలం రబ్బరు చెప్పులు, కాలివేళ్ళ సందుల్లో పసుపు ఇంకా పోనివి, శివలీలవి. తల ఎక్కడుందో అతనికి తెలియదు. పొద్దున ఎనిమిదికి మిషనుతో గుండు చేసి, తొమ్మిదికి వరసగా సూదులు పొడిచి, ఆ తలను అతని దగ్గరనుంచి లాక్కొని ఎక్కడో పెట్టేశారు. వెనకాల ఏదో గుయ్యిమంటుంది, ఆగుతుంది, మళ్ళీ గుయ్యిమంటుంది. నొప్పి లేదు. పక్కింటి గోడకు ఎవరో మేకు దించుతున్నట్టుంది. ఒక్కో గుయ్యికి మెడపై నుంచి ఒక్కో వెంట్రుక వేరుతో సహా లేచివస్తుందనీ, దాన్ని శివలీల పట్టకారుతో అందుకొని చల్లటి ఉప్పునీళ్ళ గిన్నెలో వేస్తుందనీ, అన్నం వేళ దాటాక వాటిని ముందునెత్తి మీద నాటుతారనీ పొద్దున్నే బొమ్మ గీసి చూపించారు. నారు పీకి నాటినట్టే అన్నా, అని శివలీల సులువుగా తేల్చేసింది. కోసిగి పక్క పల్లెలో పుట్టినవాడికి నారుమడి సంగతి చెప్తోంది పాపం. వాళ్ళ ఊళ్ళో చేనికి నాట్లు సరే, నోటికి నీళ్ళు అందడమే గగనం.

"తొమ్మిదినూర్లు సార్," అని లెక్క చెప్పింది శివలీల ఇప్పుడే. ఇంకా పదకొండు వందలు కావాలి. పది నిమిషాల కిందటైతే ఆ లెక్క విని హనుమేష్ సంతోషపడేవాడు. పది నిమిషాల కిందటి వరకూ అతనికి ఏ దిగులూ లేదు. కర్నూలులో ఈ మూడో అంతస్తు గదిలో, ఏసీ చల్లదనంలో, బోర్లా పడుకొని, ఏడాది తరువాత తన నుదుటి మీద పడే జుట్టును చేత్తో వెనక్కు తోసుకుంటున్నట్టు ఊహించుకుంటూ హాయిగా ఉన్నాడు. ఊరికే ఉండలేక శివలీల మాట కదిపింది. చేసే పని చేతులది, నోరు ఖాళీగా ఎందుకుండాలని ఆమె ఉద్దేశం. "తలకు పూసుకునే మందు ఆపినావు గదా అన్నా?" అంది. ఆపినా, వారమాయ, అన్నాడు. "మాత్ర?" "అది ఏసుకుంటానే ఉండా." అది ఆపొద్దు, అన్నాడు డాక్టరు, మేము నాటేవి నాటుతాం, ఉన్నవాటిని నిలబెట్టేది అదే. చిన్న మాత్రేనా? కాదు సార్, ఐదు మిల్లీగ్రాములది, చవగ్గా పడుతుందని నాలుగు ముక్కలు చేసి రోజుకొక పావు. డాక్టరు నవ్వాడు, ఎంతమందికి చెప్పినా ఇంతేనయ్యా మీరు, అన్నాడు. అప్పుడు శివలీల అంది ఆ మాట.

"కోసేది నువ్వే కోసుకో అన్నా, ఇంట్లో ఆడోళ్ళకు ఇయ్యొద్దు. కడుపుతో ఉండేటోళ్ళు ఆ ఇరిగిన ముక్క, దాని పొడి చేత్తో గూడా ముట్టగూడదు. లోపల మగబిడ్డ ఉంటే వానికి మగ అవయవాలు సరిగా తయారు గావంట."

"శివలీలా, భయపెట్టాకు," అన్నాడు డాక్టరు. "ఇంట్లో ఎవరన్నా గర్భంతో ఉన్నారా హనుమేష్ గారూ?"

"లేరు సార్. నేనే కోసుకుంటా."

అబద్ధం ఆడాలని ఆడలేదు. ఏడాదిన్నర నుంచి ఈ మాత్ర గురించి ఎవరేమడిగినా ముందు అబద్ధమే లేచివచ్చి తలుపు తీస్తుంది, నిజం లోపల మంచమెక్కి పడుకొని ఉంటుంది. మాట నోరు దాటిన తరువాత గాని అతనికి తెలిసిరాలేదు, తన పెండ్లాం భువనకు ఇప్పుడు నాలుగో నెల అని, ఆ మాత్రలను ఆదివారం ఆదివారం కోసేది ఆమే అని. ఇవాళ ఆదివారం. గుయ్యిమంది వెనకాల. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటారు గాని, బోడితలకూ కడుపులో బిడ్డకూ ముడిపడుతుందని ఎవడు కలగన్నాడు? చీమ గీత చివరిదాకా పోయి, అక్కడ మంచం కాలు అడ్డమొచ్చి వెనక్కి తిరిగింది.

భువన ఈ వేళప్పుడు ఏం చేస్తూ ఉంటుంది? కడప దాటి ఇంకా పోవాలి వాళ్ళ ఇంటికి, మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర, బయట ఆరేసిన తెల్లబట్టలు కూడా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే చోట, రెండు గదుల అద్దె ఇల్లు. అతను అక్కడ లారీలు తూచే కాటా దగ్గర సూపర్వైజరు. ఆదివారమంటే భువన తలకు నూనె పెట్టుకుంటుంది, సీకాయతో తలంటుకుంటుంది, నడుము దాటి వేలాడే ఆ జుట్టును విదిలించుకుంటూ వచ్చి కిటికీ ఎండలో చాప మీద కూచుంటుంది. జుట్టు ఆరేదాకా ఊరికే కూచోవడం ఆమెకు చేతకాదు. అందుకని పక్కన మాత్రల సీసా, అడకత్తెర పెట్టుకుంటుంది. అది అతని తల్లి ఉరుకుందమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న అడకత్తెర. వక్కలు నమలడం మానేశాక కోడలికి ఇచ్చేసింది. బ్లేడుతో కోస్తే మాత్ర పొడి పొడి అవుతోందని హనుమేష్ ఒకరోజు విసుక్కుంటుంటే, ఈటియ్యప్పా ఇట్ల, అని తీసుకొని, మాత్రను అడకత్తెర నోట్లో పెట్టి, టిక్ మనిపించి రెండు చేసింది, మళ్ళీ టిక్, నాలుగు. గీసినట్టు వచ్చాయి. ఆ రోజునుంచి ఆ పని ఆమెదైపోయింది. వాళ్ళ ఇళ్ళలో మొగుడికి మాత్ర ఇవ్వడం అన్నం పెట్టడం లాంటిదే, అడిగి చేసే పని కాదు. కోయడం అయిపోయాక అడకత్తెరకు అంటిన పొడిని కొంగుతో తుడుస్తుంది. అదే కొంగుతో మొహం తుడుచుకుంటుంది. ఇప్పుడు ఇక్కడ, మొహం బొక్కలో పెట్టుకొని, హనుమేష్ ఆ కొంగును ఎంత దగ్గరగా చూస్తున్నాడంటే దాని అంచు నూలు పోగులు కూడా కనబడుతున్నాయి.

చెప్పెయ్యాలి. సార్, ఒక్క నిమిషం ఆపండి, ఫోను చేసుకోవాలి. ఇంతే కదా మాట. ఎవరికి అంటారు. ఇంటికి. ఏమని? కడుపుతో ఉన్న నా పెండ్లాంతోనే కోయిస్తున్నానని, ఇప్పుడే మీ ఎదుట లేరన్నానని. శివలీల నీలం చెప్పులు ఒక్కసారి ఆగిపోతాయి. ఆమెది ఆదోని, అతని యాస వినగానే పట్టేసింది, మీదీ మా పక్కేనా అన్నా, అని. మన పక్కవాడు ఇట్లాంటివాడా అనుకుంటుంది. సరే, అనుకోనీ. భువనకు ఏమని చెప్పాలి? ఆమెకు తెలిసిందల్లా అవి బలం మాత్రలు. గనుల దుమ్ముకు ఊపిరితిత్తులు పాడవకుండా కంపెనీ డాక్టరు రాసిచ్చాడని చెప్పాడు. అట్టపెట్టె, పేరున్న రేకు అన్నీ దుకాణం దగ్గరే పారేసి, బలం మాత్రల ఖాళీ సీసాలో పోసి తెచ్చేవాడు. కర్నూలుకు కంపెనీ ట్రైనింగు అని చెప్పి వచ్చాడు. గుండుకు కూడా జవాబు తయారుగా ఉంది. వచ్చేటప్పుడు దారి కుదిరింది, ఉరుకుంద పోయి ఈరన్నసామికి మొక్కు తీర్చుకొని వచ్చినా, అంటాడు. తల్లి మొక్కింది కదా, కోడలి కడుపు పండితే కొడుకు తలనీలాలు ఇస్తాడని. మొక్కినప్పుడు ఆమె అన్న మాట ఇప్పటికీ ఇంట్లో నవ్వులాట. "ఈరన్నసామికి నువ్వు ఇచ్చేదానికి ఏముండాది నాయనా నీ నెత్తిన, నిన్ను జూస్తే ఆయప్పే నీకు రెండు వెంట్రుకలు ఇచ్చి పంపిస్తాడు." అందరూ నవ్వారు, భువన కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, హనుమేష్ కూడా నవ్వాడు. ఆ రాత్రే ఫోనులో ఈ ఆస్పత్రి నంబరు వెతికాడు. అబద్ధానికి కాపలా ఇంకో అబద్ధం, దానికి కాపలా దేవుడు. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకొని కూచుంటాడంటారు. ఆ దొంగ నయం, వాడు కూచునైనా ఉన్నాడు, ఇతను బోర్లా పడి ఉన్నాడు.

"తల ఇంకొంచెం వంచు అన్నా," అంది శివలీల. వంచాడు.

తల వంచడం అతను కొత్తగా నేర్చుకున్నదేమీ కాదు, చూసి నేర్చుకున్నదే. పదేళ్ళప్పుడు గుంటూరు పక్క మిరపకోతలకు సుగ్గికి పోయారు, ఊరికి ఊరే తలుపులకు తాళాలేసి వలసపోయే కాలం అది, చదువుకునే పిల్లలు కూడా బడి మాని తల్లిదండ్రుల వెంట పోవాల్సిందే. పొద్దుగూకే వేళ కూలీలను వరసగా కూచోబెట్టి మేస్త్రీ తలలు లెక్కపెట్టేవాడు. వరసలో నాయన బొజ్జన్న ఎక్కడ కూచున్నా సరే, వెతుక్కుంటూ వచ్చి అతనితోనే మొదలుపెట్టేవాడు. ఎండకు తోలు లేచిన ఆ బోడితల మీద చేతిలోని బెత్తంతో టక్ మని కొట్టి, ఒకటి, అనేవాడు. ఆడవాళ్ళు కిసకిస నవ్వేవాళ్ళు. ఘాటుకు మండే కళ్ళు నలుపుకుంటూ హనుమేష్ నాయన వైపు చూసేవాడు, ఆ బెత్తం లాక్కొని విరిచేస్తాడేమోనని. నాయన నవ్వేవాడు. నవ్వి, మేస్త్రీకి బాగా అందేటట్టు తల ఇంకొంచెం ముందుకు వంచేవాడు. నలభై సాయంత్రాలు. ఇరవై ఐదో ఏట దువ్వెనకు మొదటిసారి గుప్పెడు వెంట్రుకలు వచ్చిన రోజు హనుమేష్ చెవిలో ఆ టక్ వినబడింది. తువ్వాలు చుట్టుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, గనుల్లో ఇచ్చే పచ్చ హెల్మెట్ ఇంటిదాకా తీయకుండా వచ్చాడు. హెల్మెట్ పెట్టుకునే ఊడిపోతాంది అప్పా, అని పక్కవాళ్ళంటే అదే నిజమని ఒప్పుకున్నాడు, నాయన నుంచి వచ్చిందనుకోవడం కన్నా అది మేలనిపించింది. నాయన మీద ప్రేమ లేక కాదు. చచ్చేంత ప్రేమ. కాని ఆ తల మాత్రం తనకు వద్దు.

వద్దు అనుకున్నవాడికి మాత్ర దొరికింది. కడపలో ఒక డాక్టరు రాసిచ్చాడు. వేసుకుంటూ ఉంటే రాలడం తగ్గింది కూడా. కాని ఫోనులో ఎవడెవడో చెప్పేవి విన్నాడు, అది వేసుకుంటే మగవాడికి పస తగ్గుతుందని, పిల్లలు పుట్టరని. డాక్టరును అడిగితే అందరికీ కాదు, నూటికి ఒకరో ఇద్దరో అన్నాడు. ఆ ఒకడు తనేనేమో అని రోజూ అనుకుంటూనే రోజూ వేసుకున్నాడు. అప్పటికి పెండ్లయి ఏడాది. భువన కడుపు పండలేదని ఉరుకుందమ్మ మొదలుపెట్టింది. చెట్టు మంచిదైతే కాయ రాకుండా ఉంటాదా, అనేది గోడతో చెప్తున్నట్టు. భువన సోమవారాలు ఒక్కపొద్దు ఉంది, మంగళవారాలు ఉంది, కడపలో లేడీ డాక్టరు దగ్గర సూదులు వేయించుకొని చేతులు వాచి వచ్చింది. అంతా చూస్తూ కూడా హనుమేష్ ఒక్కరోజు నోరు తెరవలేదు, అమ్మా, తప్పు నాదేమో, నేనొక మాత్ర మింగుతున్నా, అని. చివరికి కడుపు పండింది, మాత్ర తప్పు లేదని తేలింది, హమ్మయ్య అనుకున్నాడు. ఎవరికీ తెలియకుండా తనకు తానే పెట్టుకున్న కేసులో తనే గెలిచాడు. ఆ సంతోషంలో ఇంకో రెండు నెలలకు సరిపడా మాత్రలు తెచ్చాడు.

గుయ్యి. "వెయ్యిన్ని అరవై సార్." ఇప్పుడు టైము ఎంత? పదకొండు అయి ఉంటుందా? భువన ఆదివారం లేచేదే ఆలస్యం, ఈ నెలల్లో పొద్దున వాంతులు కూడా ఉన్నాయి, తలంటు ఇంకా అయి ఉండదు. అయి ఉండదులే. పన్నెండున్నరకు తీయడం అయిపోతుందన్నారు, అన్నానికి వదులుతారు, అప్పుడు బయటికి పోయి మెట్ల మీద నిలబడి మెల్లగా ఫోను చేసుకోవచ్చు. ఏమని? ఆ సీసా పాడైపోయింది, కంపెనీ డాక్టరు వెనక్కి తెమ్మన్నాడు, ముట్టుకోవద్దు. ఇది బాగుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఈ వారం ఒక్కటి తప్పితే... మరి ఇన్ని వారాల సంగతి? నాలుగో నెల. అంటే పదిహేను ఆదివారాలు అవుతాయా, పదహారా? చేత్తో ముట్టినందుకే అంత అవుతుందా, శివలీల ఏదో మాటవరసకు అని ఉంటుంది, ఆడవాళ్ళు గోరంతలు కొండంతలు చేస్తారు. డాక్టరు కూడా భయపెట్టాకు అన్నాడు కదా. అన్నాడు, కాని లేదని అనలేదు. అడిగితే చెప్తాడు. అడగాలంటే లేరు అన్న మాట మింగాలి. అడకత్తెరలో పోకచెక్క అని చిన్నప్పుడు పుస్తకంలో చదివి పరీక్షలో సొంతవాక్యం రాసి మార్కు తెచ్చుకున్నాడు. ఆ పోకచెక్కకు ఎట్లా ఉంటుందో అప్పుడు రాయలేదు.

గోడకు ఆనించిన ఇనుప బీరువా మీద ఏదో బర్రుమంది. అతని ఫోను. చొక్కా విప్పేటప్పుడు శివలీల చేతికి ఇచ్చాడు. నీలం చెప్పులు అటు పోయి ఇటు వచ్చాయి. "భువన అని పడతాంది అన్నా. వదినేనా? తర్వాత మాట్లాడుదువులే, ఇప్పుడు కదలగూడదు." ఇనుము మీద ఆ ఫోను బర్రు బర్రుమని తనంతట తాను తిరుగుతూ ఉంటుంది, అతనికి కనబడదు గాని తెలుసు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది భువన. చేతులు రెండూ మంచం కిందికి వేలాడేసి ఉన్నాయి, కదపొద్దన్నారు. మోగి మోగి ఆగిపోయింది. ఆదివారం ఆమె ఎందుకు చేస్తుందో అతనికి తెలుసు. కోయడం అయిపోగానే చేస్తుంది, అతను డ్యూటీలో ఉంటే. ఏడు ముక్కలు డబ్బీలో పెట్టినాప్పా, మర్చిపోకుండా ఏసుకో, అంటుంది. ప్రతిసారీ అదే మాట. ఏడు ముక్కలు. వారానికి ఏడు. ఒక మాత్రకు నాలుగు ముక్కలు, రెండు మాత్రలు కోస్తుంది.

రెండు నాలుగులు ఎనిమిది.

చీమ ఆగింది. లేదా హనుమేష్‌కు ఆగినట్టు అనిపించింది. ఎనిమిది ముక్కలు కోస్తే డబ్బీలో ఏడు. లారీలో కిలో తేడా వస్తే కాటా మీదికి రెండోసారి ఎక్కించేవాడు, ఇన్ని నెలలుగా ఇంట్లో ఈ తేడాను ఒక్కసారి చూసుకోలేదు. వారం తరువాత ఆ ఎనిమిదో ముక్క డబ్బీలో కనబడి ఉండాలి. కనబడలేదు. ప్రతి ఆదివారం ఆమె కొత్తగా రెండు మాత్రలు తీస్తుంది. మరి అది ఏమవుతోంది? పారేస్తుందేమో. భువన పారేస్తుందా! చద్దన్నం గిన్నె అడుగున నాలుగు మెతుకులుంటే నీళ్ళు పోసి తాగే మనిషి, సబ్బుముక్క అరిగితే కొత్త సబ్బుకు అతికించే మనిషి, కరువునేలలో పుట్టింది ఏదీ పారేయదు. పోయిన నెల అమ్మ ఫోనులో అరుస్తోంది, పక్కన కూచొని తనూ విన్నాడు. "బలం మాత్రలు మింగేవాడేమో నల్లరాయి మాదిరి ఉండాడు, కడుపుతో ఉండే పిల్లేమో చీపురుపుల్ల అయిపాయె." భువన అప్పుడు నవ్వింది. ఏమీ అనకుండా నవ్వింది. అమ్మ మాటకు ఎప్పుడూ ఏదో ఒక ఎదురు చెప్పే భువన ఆ రోజు ఏమీ అనకుండా నవ్వింది.

"ఆపండి," అన్నాడు హనుమేష్.

మొహం దిండులో ఉండి మాట సరిగా బయటికి రాలేదు. "ఆపండి సార్!" అని అరిచాడు. గుయ్యి ఆగిపోయింది. ఏమైందన్నా, నొప్పా, అంటోంది శివలీల. అతను చేతులు మంచానికి ఆనించి లేచాడు, గది గుండ్రంగా తిరిగింది, మెడ వెనక తడి కారి వీపు మీదికి దిగుతోంది. "నా పెండ్లానికి నాలుగో నెల సార్. మాత్రలు కోసేది ఆమే. ఫోను ఇయ్యండి." డాక్టరు అతని మొహం చూసి ఇంకేమీ అడగలేదు. శివలీల ఫోను తెచ్చి ఇచ్చింది. తిట్టుకుంటుందనుకున్నాడు. ఆమె గబగబా గాజుగుడ్డ తీసుకొని అతని మెడ వెనక అదిమి పట్టుకుంది.

"ఏమప్పా, ట్రైనింగులో ఫోను గూడా ఎత్తనీరా?" అంది భువన. తలంటుకున్న ఆదివారపు గొంతు.

"మాత్రలు కోసినావా?"

"ఇప్పుడే కోసి డబ్బీలో పెట్టినా. యాల?"

"భువనా, ఎనిమిదో ముక్క ఏం జేస్తాండావు?"

భువన చిన్నగా నవ్వింది, పెరుగు మీది మీగడ తింటూ దొరికిపోయిన పిల్లలాగా. "అత్తమ్మ చెప్పినాదా ఏంది? నేనే ఏసుకుంటాండాలే. నెల తప్పినప్పట్నుంచి, ఆదివారానికి ఒగటి. నీవి నేను తిన్లేదులే, మిగిలిండేదే గదా. పారేసేదానికి మనసు రాల్యా. బిడ్డకు బలం అని."

ఆదివారానికొక ముక్క మింగుతోందంట సార్, అని హనుమేష్ డాక్టరు వైపు తిరిగి చెప్పాడు. డాక్టరు యేసుప్రసాద్ అతని చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకున్నాడు. అమ్మా, నేను డాక్టరును, అన్నాడు. ఈ రోజుది వేసుకున్నావా, వేసుకోలేదు కదా, మంచిది, ఆ సీసా, ముక్కలు ఇంక ముట్టుకోవద్దు, సబ్బుతో చేతులు కడుక్కో. అది కడుపుతో ఉన్నవాళ్ళు వాడే మాత్ర కాదమ్మా. వారానికొక పావు అంటే పెద్ద మోతాదేం కాదు. కాని ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను, ఏదో అయిపోయిందని నువ్వూ అనుకోవద్దు. రేపు పొద్దున్నే మీ డాక్టరమ్మ దగ్గరికి పో, ఆ మాత్ర పేరు నేను ఫోనులో పంపిస్తా, ఎన్ని వారాలు వేసుకున్నావో దాచకుండా చెప్పు, స్కానింగులో చూస్తారు. ఆయన ఎందుకు వాడుతున్నారంటావా? అది ఆయన్నే అడుగమ్మా. ఫోను మళ్ళీ హనుమేష్ చేతిలోకి వచ్చింది, బరువుగా.

"ఏమప్పా," అంది భువన. గొంతు మారిపోయింది. "నీకేం రోగం?"

అతను ఫోనును ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"కడుపుతో ఉండేది ముట్టనే గూడదంటే అది శానా పెద్ద మందై ఉంటాది. ట్రైనింగని చెప్పి ఆస్పత్రిలో ఉండావు. నేను భయపడతానని గదా దాపెట్టినావు? ఒగ్గడివే మోస్తాండావు గదా ఇన్ని దినాలు." ఏడుస్తోంది. ఏడుస్తూనే మాట్లాడుతోంది. "బిడ్డకేం గాదులే, ఈరన్నసామి ఉండాడు. ముందు నీ సంగతి చెప్పు. ఏం రోగమైనా చూపిచ్చుకుందాం. యాడ ఉండావో చెప్పు, పక్కింటి శివజ్యోతిని తోడు తీసుకొని ఇప్పుడే బయల్దేరి వస్తా."

అబద్ధం ఎప్పటిలాగే తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఈసారి దాన్ని పిలిచింది అతను కాదు, ఆమే. లోకంలో ఎన్ని రోగాలు లేవు? ఊపిరితిత్తుల్లో మచ్చ అనొచ్చు, గనుల్లో పనిచేసేవాడికి ఎవరైనా నమ్ముతారు. నిజంగానే ఆ మచ్చ ఉంటే ఎంత బాగుండునో అనిపించింది అతనికి. ఆమె ఏడ్చిన ఏడుపుకు తగిన రోగం ఏదైనా ఒకటి తనకు ఉంటే చాలు, అది చూపించి ఆమె ఒడిలో తలపెట్టుకొనేవాడు. బల్ల మీద ఉప్పునీళ్ళ గిన్నె ఉంది. పొద్దుటినుంచి ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడు దాన్ని. అడుగున నల్లగా, ఆవాలు పోసినట్టు, పదకొండు వందలు.

"బట్టతల," అన్నాడు హనుమేష్. "జుట్టు ఊడకుండా ఉండేదానికి ఏసుకునే మాత్ర అది. నాకే రోగమూ ల్యా భువనా. ఈడికి వచ్చింది గూడా జుట్టు నాటిచ్చుకునేదానికే."

అవతల ఏడుపు ఆగిపోయింది. ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది, ఒక రెక్క వంగి ఉంటే బాగుచేయిస్తానని ఆరు నెలలుగా అంటూనే ఉన్నాడు. లారీ ఏదో వీధిలో పోయింది. భువన అడిగింది, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు.

"వెంట్రుకలకా?"

"ఊ," అన్నాడు.

ఆమె ఫోను పెట్టేయలేదు, ఇంకేమీ అడగనూ లేదు. హనుమేష్ ఫోను చెవికి ఆనించుకొని మంచం అంచున అట్లాగే కూచున్నాడు, అటువైపు ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాసేపయ్యాక డాక్టరు దగ్గరికి వచ్చి, తీసినవి ఎక్కువసేపు బయట ఉంటే బతకవని, పడుకొమ్మని మెల్లగా చెప్పాడు.